మంట ఆరినప్పుడే జాగ్రత్త

(ఫార్మా, కెమికల్ యూనిట్ల ఆపరేటర్లు, మెయింటెనెన్స్ సిబ్బంది, కొత్తగా చేరిన సేఫ్టీ ఆఫీసర్ల కోసం భద్రతా వారోత్సవాల్లో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడింది రిటైరైన ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ముందు వరస కుర్చీలు ఎప్పుడూ ఖాళీయే, అక్కడ మేనేజర్లు కూర్చుంటారేమోనని మీ భయం. ఇవాళ మేనేజర్లు వెనకే కూర్చుంటారు, మీరు రండి. మైకు వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు ‘సార్, ఇన్సినరేటర్ సేఫ్టీ మీద ఓ అరగంట మాట్లాడండి’ అన్నారు. ఇన్సినరేటర్ అంటే ప్లాంటు వ్యర్థాల్ని కాల్చే కొలిమి. స్లైడ్లు తేలేదు. లైట్లు ఆర్పి స్లైడ్లు వేస్తే నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లు నిద్రపోతారు, వాళ్ల తప్పు కాదు. ఒక ఇనప డబ్బా మాత్రం తెచ్చాను, అదిగో ఆ బల్ల మీద ఉంది. దాని సంగతి తర్వాత.

ముందు ఒకటి అడుగుతాను. ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగిస్తుంటే భుగ్గుమని చేతి మీద వెంట్రుకలు కాలినవాళ్లు ఎంతమంది? ఎత్తండి చేతులు. చూశారా, సగం మంది ఉన్నారు. ఎందుకు కాలాయి? నాబ్ తిప్పారు, లైటర్ నాలుగుసార్లు నొక్కారు, వెలగలేదు, అగ్గిపెట్టె ఎక్కడుందని ఇంట్లో కేకేశారు, అది దొరికేలోపు నాబ్ కట్టాలని ఎవరికీ గుర్తులేదు, వచ్చి పుల్ల గీశారు, ఈలోపు పోగైన గ్యాసంతా ఒక్కసారిగా అంటుకుంది. మండుతున్న పొయ్యి దగ్గర గంటల తరబడి దోసెలు పోస్తాం, ఏమీ కాదు. వెలగని పొయ్యి దగ్గరే చేయి కాలింది.

ఈ అరగంటలో నేను చెప్పేది దాదాపు అంతే. మీ ఇన్సినరేటర్ కూడా ఆ పొయ్యే, కాకపోతే ఒక చిన్న గది అంత ఉంటుంది, వంటగ్యాస్ బదులు టోలూయిన్, మెథనాల్, అసిటోన్ లాంటి సాల్వెంట్లు, అంటే సరుకుల్ని కరిగించడానికి వాడే మండే ద్రవాలు, పేరు రాయని డ్రమ్ములో ఇంకేమేమిటో కలిసి వస్తాయి. బాగా మండుతున్నంతసేపు అది మన మాట వింటుంది. మంట ఆరిన నిమిషం నుంచి మళ్లీ వెలిగే నిమిషం వరకు మాత్రం దాని దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలి.

ఇప్పుడు జోన్ల సంగతి. మండే ఆవిరి ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0, అంటే ట్యాంకు లోపల. మామూలుగా పని జరుగుతున్నప్పుడు కూడా అప్పుడప్పుడు ఆవిరి వచ్చే చోటు జోన్ 1. ఏదైనా తేడా వస్తే తప్ప రాదు, వచ్చినా కాసేపే ఉంటుంది అనే చోటు జోన్ 2. మన దేశంలో దీనికి ఐఎస్ 5572 అనే ప్రమాణం ఉంది, ఏ జోన్‌లో ఏ కరెంటు సామాను పెట్టాలో ఐఎస్ 5571 చెప్తుంది. ఇంతవరకు మీ అందరికీ ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. ఈ జోన్లలోకి మనం సెల్‌ఫోన్ తేనివ్వం, అగ్గిపెట్టె గేటు దగ్గరే లాక్కుంటాం, ఇత్తడి సుత్తి తప్ప ఇనప సుత్తి వాడనివ్వం. ఇన్ని చేసి, అదే కాంపౌండ్‌లో, 1100 డిగ్రీల మంటని రాత్రింబవళ్లు మనమే డబ్బు పెట్టి మండిస్తాం. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

కానీ తప్పదు. డిస్టిలేషన్ అడుగున మిగిలే జిగురు, మళ్లీ వాడుకోలేని సాల్వెంట్, రియాక్టర్ల వెంట్ల నుంచి, అంటే ఆవిరి బయటికి వదిలే గొట్టాల నుంచి, వచ్చే ఆవిరి, ఇవన్నీ ఎక్కడికో పోవాలి కదా. కొంత పరవాడ, దుండిగల్ లాంటి చోట్ల ఉన్న ఉమ్మడి శుద్ధి కేంద్రాలకు పోతుంది, కొంత సిమెంట్ ఫ్యాక్టరీల కొలిమిలకు పోతుంది. వెంట్ ఆవిరిని లారీలో పంపలేం కాబట్టి దాన్ని అక్కడికక్కడే కాల్చాలి. ప్రమాదకర వ్యర్థాలకి, పొగని మళ్లీ కాల్చే రెండో ఛాంబర్‌లో సుమారు 1100 డిగ్రీల వేడి, ఆ వేడిలో పొగ కనీసం 2 సెకన్లు ఉండాలి అన్నది కాలుష్య నియంత్రణ వాళ్ల లెక్క. వాళ్లు చూసేది చిమ్నీ లోంచి ఏం బయటికొస్తోందని. పేలుడు సంగతి ఆ కాగితంలో ఎక్కువ ఉండదు, అది మనమే చూసుకోవాలి.

ఒకచోట టెండర్ కాగితంలో ‘ఇన్సినరేటర్ పూర్తిగా ఫ్లేమ్‌ప్రూఫ్ అయి ఉండవలెను’ అని రాశారు, నేను కళ్లారా చూశాను. ఫ్లేమ్‌ప్రూఫ్ అంటే లోపల నిప్పు పుట్టినా బయటి ఆవిరికి అంటనివ్వనిది. పులి కావాలి గానీ అది శాకాహారి అయి ఉండవలెను అన్నట్టుంది. మంటకి ఫ్లేమ్‌ప్రూఫ్ ఎక్కడి నుంచి తెస్తాం? మోటారుకి తేవచ్చు, లైటుకి తేవచ్చు, సోలెనాయిడ్ వాల్వుకి తేవచ్చు, అవి తప్పకుండా ఉండాలి కూడా, ముఖ్యంగా వేస్ట్ ట్యాంకు, ఫీడ్ పంపు చుట్టూ. బర్నర్‌కి మాత్రం కుదరదు. కాబట్టి బర్నర్ జోన్ బయట ఉండాలి, జోన్ తనంతట తాను నడిచి బర్నర్ దగ్గరికి రాకూడదు. కష్టమంతా ఆ రెండో ముక్కలో ఉంది.

జోన్ నడుస్తుందా అంటే, నడుస్తుంది. టోలూయిన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లు బరువు. పైకి పోదు. నేల మీద పాకుతుంది, కేబుల్ ట్రెంచ్‌లో దిగుతుంది, వాన నీటి కాలవలో కూర్చుంటుంది, గాలి ఎటు వీస్తే అటు మెల్లగా జరుగుతుంది. అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న జరిగిన పేలుడులో 17 మంది పోయారు, మీలో కొందరికి వాళ్లు తెలిసినవాళ్లే అయ్యుంటారు. అక్కడ ఇన్సినరేటర్‌కి సంబంధం లేదు. లీకైంది ఎంటీబీఈ అనే సాల్వెంట్, దాని ఆవిరి కూడా గాలికి మూడు రెట్లు బరువే. ఒక చోట కారింది ఇంకో చోటికి వెళ్లి నిప్పు వెతుక్కోవడం సాల్వెంట్లకి అలవాటు. అలాంటి ఆవిరి వెళ్లే దారిలో మీ ఇన్సినరేటర్‌కి గాలి తోసే ఎయిర్ బ్లోయర్ మోకాలి ఎత్తులో నోరు తెరుచుకుని ఉందనుకోండి, దానికి మంచి గాలో సాల్వెంట్ గాలో ఏం తెలుసు, అంతా పీల్చి తిన్నగా మంట మీదికి పంపుతుంది. ఇంధనం వాల్వు మూసేశాం, ట్రిప్ అయిపోయింది, అంటే తనంతట తాను ఆగిపోయింది, అని మీరు పైన ప్యానెల్ రూములో ఊపిరి పీల్చుకుంటుంటే కింద బ్లోయర్ ఇంకో దారిలో ఇంధనం అందిస్తూ ఉంటుంది. అందుకే బ్లోయర్ నోరు ఎత్తులో పెట్టాలి, ట్యాంకులున్న వైపు కాకుండా రెండో వైపు తిప్పాలి, నోటి దగ్గర గ్యాస్ డిటెక్టర్ పెట్టి దాన్ని ట్రిప్‌కి కలపాలి. రేపు డ్యూటీకి వెళ్లగానే చూడండి మీ బ్లోయర్ నోరు ఎక్కడుందో. చాలాచోట్ల డ్రమ్ములు దించే ప్లాట్‌ఫాం పక్కనే ఉంటుంది, ఎందుకంటే అక్కడ పైపు ఖర్చు తక్కువ.

ఎల్‌ఈఎల్ అని మీటరు మీద చూస్తుంటారు కదా. గాలిలో ఆవిరి ఎంత శాతం చేరితే అంటుకోగలదో ఆ కింది హద్దు. టోలూయిన్‌కి అది 1.1 శాతం, అసిటోన్‌కి 2.5, మెథనాల్‌కి 6 దగ్గర. హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎక్కడైనా అంటుకుంటుంది, దానితో పెట్టుకోకండి. వెంట్ లైన్లో ఆవిరి ఈ హద్దులో పావు వంతు దాటకుండా నడపాలి అన్నది పాత, మంచి పద్ధతి. ఎప్పటికప్పుడు కొలిచే మీటరు, దానికి కలిపిన ట్రిప్ ఉంటే సగం దాకా వెళ్లనిస్తారు. మీటరు పాడైతే మళ్లీ పావుకి రావాలి. ఈ చివరి మాట గోడ మీద రాసిపెట్టినవాళ్లని నేనింకా చూడలేదు.

ఇక డబ్బా. ఇది జోన్ 1లో వాడే ఎఫ్‌ఎల్‌పీ, అంటే ఫ్లేమ్‌ప్రూఫ్, జంక్షన్ బాక్స్, కరెంటు కేబుళ్లు కలిపే డబ్బా. దీని గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది, ఇందులోకి గ్యాస్ పోదని. పోతుంది. ఇది వాటర్ ట్యాంకు కాదు. లోపలికి గ్యాస్ పోతుంది, లోపల స్పార్క్ వస్తుంది, లోపలే పేలుతుంది కూడా. ఈ డబ్బా చేసేది ఏమిటంటే ఆ పేలుడుని తట్టుకుని నిలబడటం, వేడి గ్యాస్ బయటికొచ్చేటప్పుడు మూతకీ ఒంటికీ మధ్య ఉన్న ఈ సన్నటి సందులోంచి, ఇదిగో వేలు పెట్టి చూడండి ఎంత నున్నగా ఉందో, ఈ సందులోంచి పిండి పిండి చల్లార్చి పంపడం. బయటికొచ్చేసరికి దానికి బయట ఉన్న ఆవిరిని అంటించే వేడి మిగలదు. ఈ సందు మిల్లీమీటరులో చిన్న భాగం. అంత సన్నగా ఉండాలంటే మూత అన్ని బోల్టులతో బిగియాలి. దీనికి ఎనిమిది. ప్లాంటులో నేను విప్పిన డబ్బాలకి మూడు ఉండేవి, నాలుగు ఉండేవి, ఒకదానికి రెండు బోల్టులూ ఒక బైండింగ్ వైరూ ఉన్నాయి. వాన నీళ్లు పోతున్నాయని ఆ నున్నటి అంచుకి ఎవరో మహానుభావుడు ఎం-సీల్ పూసేవాడు. పాపం మంచి ఉద్దేశంతోనే. కానీ ఆ పూతతో సందు కొలత మారిపోయింది, ఇక అది మామూలు ఇనప డబ్బా. కేబుల్ దూరే చోట గ్లాండ్ వదులుగా ఉన్నా అంతే, పక్కన ఇంకో కేబుల్ కోసం డ్రిల్లుతో కన్నం పెట్టినా అంతే. పెసో అనే కేంద్ర ప్రభుత్వ భద్రతా సంస్థ వాళ్ల సర్టిఫికెట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డబ్బాకి ఇచ్చారు, మనం కన్నం పెట్టిన డబ్బాకి కాదు.

దాని మీద టీ3, టీ4 అని ఉంటుంది చూడండి. సామాను పై భాగం ఎంతవరకు వేడెక్కవచ్చో అది. టీ3 అంటే 200 డిగ్రీలు, టీ4 అంటే 135, టీ6 అంటే 85. టోలూయిన్‌కి టీ3 హాయిగా సరిపోతుంది, అది తనంతట తాను అంటుకోవాలంటే 480 డిగ్రీలు కావాలి. కార్బన్ డైసల్ఫైడ్ మాత్రం 90 డిగ్రీలకే అంటుకుంటుంది, దానికి స్పార్క్ అక్కర్లేదు, స్టీమ్ పైపు చాలు. మీ వేస్ట్‌లో ఏ సాల్వెంట్ ఉందో తెలియకుండా ఏ టీ కొనాలో ఎలా తెలుస్తుంది? కొన్నప్పుడు మెథనాల్ ఉండేది, మూడేళ్లకి ప్రోడక్ట్ మారింది, ఈథర్ వచ్చింది, సామాను అదే. ప్రోడక్ట్ మారినప్పుడు ఇన్సినరేటర్‌ని ఎవరూ మీటింగ్‌కి పిలవరు.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. పర్జింగ్. బర్నర్ వెలిగించే ముందు లోపల మిగిలిన ఆవిరిని గాలితో ఊడ్చేయడం. ఎంత గాలి అంటే లోపలి మొత్తం ఖాళీకి కనీసం నాలుగు రెట్లు, అమెరికా వాళ్ల ఎన్‌ఎఫ్‌పీఏ 86 చెప్పేది అదే, కొందరు తయారీదారులు ఐదు పెడతారు. మొత్తం ఖాళీ అంటే ఛాంబర్ ఒక్కటే కాదు. మొదటి ఛాంబర్ 8 ఘనమీటర్లు, రెండోది 10, డక్టు, పొగ కడిగే స్క్రబ్బర్ కలిపి 12 అనుకుందాం, మొత్తం 30. నాలుగు రెట్లు 120. మీ ఫ్యాన్ నిమిషానికి 20 ఘనమీటర్లు తోస్తే 6 నిమిషాలు పట్టాలి. 6 నిమిషాలు నిలబడి ఊరికే ఫ్యాన్ చప్పుడు వినడం ఎవరికైనా విసుగే. అందుకే టైమర్ మీద అందరి కన్నూ ఉంటుంది. 6ని 2 చేస్తారు, ఏమీ కాదు. వంద సార్లు ఏమీ కాదు, ఎందుకంటే వంద సార్లు లోపల ఆవిరి ఉండదు.

నాకు 26 ఏళ్లప్పుడు ఒక కంపెనీలో పనిచేశాను. పేరు అడక్కండి. వానాకాలం. పర్జ్ గాలి వస్తోందో లేదో చూసే ఫ్లో స్విచ్ ఒకటి ఉంటుంది, దాని సన్న ట్యూబులో నీళ్లు చేరి ఊరికే ట్రిప్ ఇస్తోంది. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి వస్తోంది, స్విచ్ మాత్రం రావట్లేదు అంటోంది. వేస్ట్ ట్యాంకు నిండిపోయింది, ఇన్సినరేటర్ నడవకపోతే ప్రొడక్షన్ ఆపాలి, షిఫ్ట్ ఇన్‌చార్జ్ నా నెత్తి మీద నిలబడ్డాడు. జానెడు ఎర్ర వైరు ముక్క తీసి రెండు టెర్మినళ్ల మధ్య జంపర్ వేశాను, అంటే స్విచ్ పనిచేయకుండా దాన్ని బైపాస్ చేశాను. రెండు నిమిషాల పని. పొద్దున్న ట్యూబు ఊది తీసేద్దాం అనుకున్నాను. పొద్దున్న డ్యూటీ దిగి ఇంటికెళ్లి పడుకున్నాను, మర్నాడు నాకు వీక్లీ ఆఫ్.

మూడో రాత్రి పైలట్, అంటే బర్నర్‌ని వెలిగించే చిన్న మంట, రెండుసార్లు ఆరిపోయింది. ఫీడ్ వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదు, సాల్వెంట్ కొద్దికొద్దిగా వేడి ఇటుకల మీద కారి ఆవిరవుతోంది. ఇంతవరకు ఉన్నా పర్జ్ కాపాడేది. కానీ అదే రాత్రి బ్లోయర్ బెల్టులు తెగిపోయాయి. మోటారు తిరుగుతోంది, ప్యానెల్ మీద పచ్చ లైటు వెలుగుతోంది, ఫ్యాన్ మాత్రం తిరగట్లేదు. ఆ తేడా పట్టుకోవడానికే ఆ ఫ్లో స్విచ్ పెట్టారు, దాని నోరు నేను వైరుతో కట్టేశాను. టైమర్ లెక్కపెట్టింది, పర్జ్ పూర్తయింది అంది, ఆపరేటర్ మూడోసారి స్టార్ట్ నొక్కాడు.

ఛార్జింగ్ డోర్ ఎగిరి సైకిల్ స్టాండ్ అవతల పడింది. ఆపరేటర్ ప్యానెల్‌కి ఇటువైపు ఉన్నాడు కాబట్టి బతికాడు, కుడి చెవి పోయింది. పేలుడు ఒత్తిడి బయటికి పోవడానికి పైన ఒక తలుపు ఉండాలి, ఉంది, కానీ వాన నీళ్లు కారుతున్నాయని ఎప్పుడో వెల్డింగ్ చేసేశారు. ఎంక్వైరీలో ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని రాశారు. వైరు సంగతి అందులో లేదు. నేనూ నోరెత్తలేదు. చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, ఆయన ఇంటికెళ్లి చెప్పాను. ఆయన ఏమన్నాడో తెలుసా? ‘ఆ ఎర్ర వైరు నేనూ చూశాను బాబూ, తీస్తే మళ్లీ ట్రిప్పవుతుందని నేనే ఉండనిచ్చాను’ అన్నాడు.

ఇప్పుడు వైర్లు లేవు, అన్నీ కంప్యూటర్లు అంటారు. 2004 ఆగస్టు 19న కాలిఫోర్నియాలో ఒంటారియో అనే ఊళ్లో వైద్య పరికరాలని స్టెరిలైజ్ చేసే కేంద్రం ఒకటి పేలింది. ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్ వాడతారు అక్కడ, 3 శాతం నుంచి 100 శాతం దాకా అంటుకునే సరుకు. పని అయ్యాక ఛాంబర్‌ని చాలాసార్లు కడిగి ఆ గ్యాస్‌ని పంపాలి, చివరగా మిగిలిన కాస్త గాలిని ఆక్సిడైజర్‌కి, అంటే గ్యాస్‌ని కాల్చే కొలిమికి, పంపి కాల్చాలి. ఆ రోజు మెయింటెనెన్స్ జరుగుతోంది, ఛాంబర్‌లో గ్యాస్ లేదనుకున్నారు, కడిగే దశలు దాటించాలంటే పాస్‌వర్డ్ కావాలి, సూపర్‌వైజర్ స్థాయిలో అది దొరికింది, దాటించేశారు. తలుపు తెరవగానే వెంట్ ఫ్యాన్ లోపలి గ్యాస్‌ని లాగి తిన్నగా ఆక్సిడైజర్ మంట మీదికి తీసుకెళ్లింది. మంట డక్టు వెంట వెనక్కి పరిగెత్తి ఛాంబర్ దాకా వచ్చింది. నలుగురికి గాయాలయ్యాయి. లోపల ఎంత గ్యాస్ ఉందో చూపే మీటరు లేదు. నా ఎర్ర వైరుకీ ఆ పాస్‌వర్డ్‌కీ తేడా ఏముంది? వైరు కనీసం కంటికి కనిపిస్తుంది.

బైపాస్ అసలు చేయకూడదని నేను చెప్పను, నలభై ఏళ్లు ప్లాంట్లలో ఉన్నవాణ్ణి, ఆ మాట అంటే మీరు నవ్వుతారు. చేస్తే కాగితం మీద చేయండి. ఎవరు వేశారు, ఏ గంటకి వేశారు, ఏ గంటకి తీస్తారు, అది లేని సమయంలో దాని పని ఏ మనిషి చేస్తాడు. పర్జ్, ఫ్లేమ్ డిటెక్టర్, ఈ రెండింటికి మాత్రం అది కూడా ఒప్పుకోకండి.

ఫ్లేమ్ డిటెక్టర్ అంటే మంట ఉందో లేదో చూసే కన్ను. మంట ఆరిన నాలుగు సెకన్లలో ఇంధనం కట్టేయాలి. దీనిలో ఒక మోసం ఉంది, ఎర్రగా కాగిన ఇటుకల్ని చూసి మంట అనుకునే కళ్లు ఉంటాయి. అతినీలలోహిత కాంతిని చూసే యూవీ రకం ట్యూబు ముసలిదైతే మంట లేకపోయినా ఉందని చెప్తుంది. అందుకే తనని తాను పరీక్షించుకునే రకం కొనాలి, ఖరీదు ఎక్కువే. ఛాంబర్ 760 డిగ్రీలు దాటి ఉంటే మంట ఆరినా పోసిన ఇంధనం ఆ వేడికే అంటుకుంటుంది కాబట్టి అక్కడ కొంచెం వెసులుబాటు ఇస్తారు. దాని కింద మాత్రం ఆ ఇటుకలు సాల్వెంట్‌ని కాల్చలేవు, ఆవిరి చేస్తాయి. వేడి చాలినంత ఎక్కకముందే వేస్ట్ వాల్వు తెరిస్తే కాలుష్యం వాళ్లు కేసు పెడతారని మీరు భయపడతారు, నేను భయపడేది ఆ ఆవిరికి.

వెంట్ లైన్లో మంట వెనక్కి పాకకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్ ఉంటుంది. 1815లో డేవీ అనే ఆయన బొగ్గు గనుల దీపానికి తీగ జాలీ చుట్టాడు, జాలీ లోంచి మంట వెళ్లేటప్పుడు చల్లబడి ఆరిపోతుందని. ఆ జాలీకి మనవడే ఇది. పైపు ఎంత పొడుగైతే మంట అంత వేగం అందుకుంటుంది, ఒక దూరం తర్వాత అది మంట కాదు, తుపాకీ గుండు. పొడుగు లైన్లో మామూలు అరెస్టర్ పెడితే ఆగదు, అంత వేగం అందుకున్న మంటని ఆపే డిటోనేషన్ రకం కావాలి, మామూలుది అయితే బర్నర్‌కి బాగా దగ్గరగా ఉండాలి. ఇంకో సంగతి, జాలీలో జిగురు పట్టి గాలి ఆడట్లేదని లోపలి జాలీ తీసేసి ఖాళీ డబ్బాని మళ్లీ లైన్లో బిగించిన చోట్లు నాకు తెలుసు. బయటి నుంచి చూస్తే ఫ్లేమ్ అరెస్టర్ లాగే ఉంటుంది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు టిక్కు పెట్టుకుని వెళ్లారు. ప్రెషర్ తేడా చూపే గేజి అటూ ఇటూ పెడితే తెలిసిపోతుంది. జాలీ ఉంటే ఎంతో కొంత తేడా ఉండాలి, సున్నా చూపిస్తే సంతోషించకండి.

పొడి వ్యర్థాల గురించి ఒక్క మాట. మా ఊళ్లో వీధి భాగవతం ఆడినప్పుడు రాక్షసుడు వచ్చే వేళకి కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి విసిరేవాళ్లు, పందిరి ఎత్తున మంట లేచేది. అగ్గి మీద గుగ్గిలం అంటే కోపం అని వాడుతున్నాం గానీ అది అచ్చంగా డస్ట్ ఎక్స్‌ప్లోజన్. పనికిరాని పొడి మందుల్ని సంచి విప్పి కుమ్మరిస్తూ ఛార్జ్ చేసేవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోండి. సంచితో సహా, చిన్న చిన్నగా వేయండి. సాల్వెంట్ తడిసిన గుడ్డల సంచి పెద్దది ఒకటి వేస్తే, లోపల గాలి చాలక సగం కాలి పొగ నిండుతుంది, తర్వాత తలుపు తీయగానే గాలి తగిలి భుగ్గుమంటుంది, మళ్లీ మొదటి పొయ్యి కథే. మూత బిగించిన డబ్బాలు, స్ప్రే టిన్నులు వేయకండి, ఇది చెప్పాలా అంటారు, ప్రతి ఏడాదీ ఎవరో వేస్తూనే ఉన్నారు.

డ్రమ్ముల నుంచి ట్యాంకుకి మార్చేటప్పుడు ఎర్త్ క్లిప్పు. పెయింటు మీద కాదు, ఇనుము మీద. పైపు అడుగుదాకా దిగాలి, పైనుంచి ధారగా పోస్తే టోలూయిన్‌కి స్టాటిక్ కరెంటు ఎక్కుతుంది.

ట్యాంకు గురించి మాత్రం కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇన్సినరేటర్ ప్రమాదం అంటే అందరూ మంట వైపే చూస్తారు. జర్మనీలో లెవర్‌కూసెన్ అనే ఊళ్లో, పెద్ద కెమికల్ పార్కుకి చెందిన వ్యర్థాల కేంద్రంలో 2021 జులై 27 పొద్దున పేలింది ఇన్సినరేటర్ కాదు, కాల్చడానికి వంతు కోసం నిలవ ఉంచిన ట్యాంకు. పురుగుమందుల తయారీలో మిగిలిన ద్రవం, వేడిగా ఉంచారు, ఆ వేడికి అది తనలో తాను రియాక్షన్ మొదలుపెట్టింది, ఇంకా వేడెక్కింది, సేఫ్టీ వాల్వు ఆ ఒత్తిడికి చాలలేదు. ఏడుగురు చనిపోయారు, 31 మంది గాయపడ్డారు. జర్మనీలో. మన దగ్గర డ్రమ్ము మీద ‘మిక్స్‌డ్ సాల్వెంట్’ అని సున్నంతో రాసి పంపిస్తాం. మిక్స్‌డ్ అంటే ఏమిటి? నైట్రిక్ యాసిడ్ కడిగిన నీళ్లా, పెరాక్సైడా? ట్యాంకులో పోసే ముందు డ్రమ్ములోదీ ట్యాంకులో ఉన్నదీ వంద మిల్లీలీటర్ల చొప్పున ల్యాబ్‌లో కలిపి థర్మామీటరు పెట్టి చూడమనండి. వేడెక్కితే, పొంగితే, బుడగలు వస్తే ఆ డ్రమ్ముని పంపినవాళ్లకే వెనక్కి పంపండి. గొడవవుతుంది, అవనీయండి. ట్యాంకుకి టెంపరేచర్ అలారం పెట్టి, అది ప్యానెల్ రూములో మోగేలా చూడండి.

హాట్ వర్క్ గురించి, అంటే వెల్డింగ్ లాంటి నిప్పు పని గురించి, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 37వ సెక్షన్‌లో రాశారు, మండే సరుకు ఉన్న ట్యాంకుని ఆ ఆవిరి పూర్తిగా తీసేయకుండా వెల్డింగ్, కటింగ్ చేయకూడదని. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. ఇంతకంటే చెప్పక్కర్లేదు, మీకు తెలుసు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర, నీలం చొక్కా తమ్ముడూ, గట్టిగా అడుగు.

‘సార్, రాత్రి రెండింటికి ఫ్లేమ్ ఫెయిల్ అని రెండుసార్లు ట్రిప్ అయింది, ఇన్‌చార్జ్‌కి ఫోన్ చేస్తే ఎత్తట్లేదు, ట్యాంకు ఎనభై శాతం ఉంది. ఏం చేయమంటారు?’

మంచి ప్రశ్న, అందరికీ ఎదురయ్యేదే. రెండుసార్లు ట్రిప్ అయ్యాక మూడోసారి స్టార్ట్ నొక్కకు. ఫీడ్ మాన్యువల్ వాల్వు చేత్తో కట్టు, ఫ్యాన్ తిరుగుతోందో లేదో ప్యానెల్ మీద కాదు, కిందికి దిగి బెల్టు చూడు. తిరుగుతుంటే తిరగనీ. లాగ్ పుస్తకంలో టైము రాయి. ఎనభై శాతం ట్యాంకు పొద్దుటిదాకా ఆగుతుంది, అది పాలు కాదు విరిగిపోవడానికి. ప్రొడక్షన్ వాళ్లకి ఫోన్ చేసి ఇక మా ట్యాంకులోకి పంపకండి అని చెప్పు, వాళ్లు తిడితే నీ పేరుతో పాటు వాళ్ల పేరూ లాగ్‌లో రాయి. పొద్దున ఎవరైనా నిన్ను అడిగితే... వెనక కూర్చున్న మేనేజర్ గారూ, ఈ అబ్బాయిని అడగరు కదా? తలూపారు, అందరూ చూశారు.

టీ వచ్చినట్టుంది. వెళ్లేముందు ఆ బల్ల దగ్గరికి వచ్చి డబ్బా విప్పి చూడండి, అంచు మీద వేలు పెట్టి చూడండి, స్పానర్ అక్కడే ఉంది. ఎనిమిది బోల్టులున్నాయి, లెక్కపెట్టే తెచ్చాను. మళ్లీ ఎనిమిదీ బిగించి వెళ్లండి.